మేనల్లుడికి, హెడ్‌ఫోన్స్ కొనేముందు

విజయవాడ
ఆదివారం ఉదయం

చిన్నా,

నీ మెసేజ్ రాత్రి రెండుసార్లు చదివాను. ఇప్పుడు వాడుతున్న ఐదువేల రూపాయల హెడ్‌ఫోన్స్ మీద మనసు విరిగిందనీ, ముప్ఫై వేల దాకా పెట్టి ఓపెన్ బ్యాక్ జత ఒకటి వాయిదాల మీద తీసుకుందామనుకుంటున్నావనీ, చూసిపెట్టుకున్న మూడింట్లో ఏది మంచిదో చెప్పమనీ రాశావు. ఆ మూడింటి గురించీ నాకు తెలిసింది చెప్తాను. ముందు నిన్నొకటి అడగాలి. నీ మెసేజ్‌లో డ్రైవర్ల సంగతి ఉంది, ఓమ్‌లున్నాయి, డెసిబెల్స్ ఉన్నాయి. ఒక్క పాట పేరు లేదు. ఉన్నవాటితో వింటుంటే ఏ పాటలో, ఏ చోట నీకు లోటుగా అనిపించిందిరా?

దానికి జవాబు చెప్పగలిగితే వెళ్లి కొనుక్కో, నేను అడ్డురాను. చెప్పలేకపోతే మాత్రం కొన్నాళ్లు ఆగు.

మామయ్య కొనొద్దంటున్నాడని అనుకోకు. నలభై ఏళ్లుగా చెవికి ఏదో ఒకటి తగిలించుకుని వింటున్నవాణ్ణి, ఆ మాట నేనెలా అంటాను? మంచి హెడ్‌ఫోన్స్‌లో మొదటిసారి వీణ విన్న రాత్రి నాకింకా గుర్తుంది. మెట్టు మీద వేలు జారేటప్పుడు తీగ చేసే సన్నటి రాపిడి కూడా వినపడి, వాయించే మనిషి మా గదిలో చాప మీద కూర్చున్నట్టే అనిపించింది. ఆ సంతోషం నీకూ దక్కాలి. దక్కాలంటే, నీ చెవికి ఏం తక్కువైందో ముందు నీకు తెలియాలి.

నాకు జరిగింది ఒకటి చెప్తాను. అప్పట్లో నా దగ్గర మంచి క్లోజ్డ్ బ్యాక్ జత ఉండేది. మూడేళ్లు ఏ లోటూ లేకుండా వాడాను. ఒక వేసవిలో తని ఆవర్తనం వింటుంటే, మృదంగం కుడిపక్క ఖంగుమంటోంది గానీ ఎడమపక్క, తొప్పి, అట్టపెట్టె మీద కొట్టినట్టుంది. వాయించేముందు తొప్పికి రవ్వముద్ద అద్దుతారు చూడు, ఆ బరువుతో వచ్చే గుమ్మనే నాదం ఎక్కడికో పోయింది. హెడ్‌ఫోన్స్ ముసలివైపోయాయనుకున్నాను. కొత్తవాటికి డబ్బు కూడా సర్ది పెట్టాను. ఓ మధ్యాహ్నం కరెంటు పోయింది. చెమటకి కళ్లజోడు తీసి ముఖం తుడుచుకుని, కళ్లజోడు పెట్టుకోకుండానే హెడ్‌ఫోన్స్ మళ్లీ తగిలించుకున్నాను. తొప్పి మోగింది.

కళ్లజోడు పెట్టాను, పోయింది. తీశాను, వచ్చింది. కుషన్లు చేతిలోకి తీసుకుని చూస్తే, పైతొడుగు చెమటకీ ఎండకీ పెళుసెక్కి పొట్టులా రాలుతోంది. లోపలి స్పాంజి అణిగిపోయి గట్టిపడింది. కళ్లజోడు కాడ ఎక్కడైతే కుషన్ కింద దూరుతుందో అక్కడ సన్నటి సందు వదిలేస్తోంది. క్లోజ్డ్ బ్యాక్ వాటిల్లో చెవి చుట్టూ గాలి చొరకుండా మూసుకుంటేనే బేస్ నిలుస్తుంది. అగ్గిపుల్ల పట్టేంత సందు చాలు, కింది ధ్వనులన్నీ జారిపోవడానికి. కొత్త కుషన్లు తెప్పించి వేశాను, సన్న కాడల కళ్లజోడు చేయించుకున్నాను. ఆ జత నాకు మరో నాలుగేళ్లు వచ్చింది. నీకూ కళ్లజోడు ఉంది కదా, ఇవాళే నీ కుషన్లు ఒకసారి వేలితో నొక్కి చూసుకో.

తొప్పి దగ్గర తేడా ఉందని పట్టుకోబట్టే అసలు తప్పు ఎక్కడుందో దొరికింది. ‘సౌండ్ ఏదో బాలేదు’ అనుకుని ఊరుకుని ఉంటే ఆ నెలే ఆ డబ్బు ఖర్చయిపోయేది.

అందుకని ఈ నెలంతా ఉన్నవాటితోనే విను. కంఠతా వచ్చిన పాటలు ఏడు ఎంచుకో. పక్కన చిన్న నోట్‌బుక్ పెట్టుకో. ‘క్లారిటీ లేదు’ లాంటి మాటలు రాయకు. ‘రెండో చరణంలో కోరస్ అందుకోగానే గాయని గొంతు వెనక్కి పోతోంది’ అని రాయి. ‘స, శ వచ్చినప్పుడల్లా చెవిలో గుచ్చుకుంటోంది’ అని రాయి. ‘గంట దాటితే నడినెత్తి నొప్పి’ అని రాయి. ఇవి మూడూ మూడు రకాల జబ్బులు. గుచ్చుకోవడం చాలావరకు ఈక్వలైజర్‌తో తగ్గుతుంది. ఆరువేల నుంచి తొమ్మిదివేల హెర్ట్జ్ మధ్య ఎక్కడ పొడుస్తోందో వెతికి అక్కడ కాస్త దించితే సరి, దానికి పైసా ఖర్చు లేదు. నెత్తినొప్పికి కావలసింది తేలికైన జత, అది ఖరీదైందే కానక్కర్లేదు. గొంతు వెనక్కి పోవడం ఒక్కటే ధ్వని కోసం కొత్త హెడ్‌ఫోన్స్ దాకా వెళ్లాల్సిన జబ్బు. అది కూడా రికార్డింగ్‌లోనే అలా లేకపోతే.

రికార్డింగ్ సంగతి మరీ ముఖ్యం. నువ్వు ‘సౌండ్‌స్టేజ్’ విశాలంగా ఉండాలన్నావు. బాగానే ఉంది. మరి నువ్వు వినేవాటిల్లో సగం ఘంటసాల పాటలు కదా? 1957లో వచ్చిన ‘మాయాబజార్’ పాటలు మోనో. కుడికీ ఎడమకీ వెళ్లేది ఒకటే ధ్వని, కాబట్టి గొంతు, వేణువు, తబలా అన్నీ తల మధ్యలోనే వినిపిస్తాయి. లక్ష రూపాయల జత పెట్టినా అక్కడే వినిపిస్తాయి. ఆ పాటలకి కావలసింది గొంతు నిండుగా పలికే హెడ్‌ఫోన్, ఎంత విశాలంగా వినిపిస్తుందన్నది వాటి దగ్గర పనికిరాని లెక్క.

ఇంకో జాగ్రత్త చెప్పాలి, దీన్ని పాటించక నేను నష్టపోయాను. ఒకసారి హైదరాబాద్‌లో ఒక షాపుకి వెళ్లాను. అక్కడి కుర్రాడు ముందు చవక జత పెట్టాడు. తర్వాత ఖరీదైంది పెడుతూ యాంప్ నాబ్ కాస్త తిప్పాడు. తిప్పడం నేను కళ్లారా చూశాను. చూసి కూడా ఖరీదైందే బాగుందనిపించింది, కొనేశాను. కొంచెం పెద్దగా మోగేది మన చెవికి మేలైనదిగా తోస్తుంది. ఒకటి రెండు డెసిబెల్స్ తేడా చాలు. అది మనకి ‘సౌండ్ ఎక్కువ’ అని తెలియదు, ‘స్పష్టంగా ఉంది’ అనే తెలుస్తుంది. ఇంటికొచ్చి నా పాత జతనీ దీన్నీ ఒకే మట్టానికి తెచ్చి వారం రోజులు మార్చి మార్చి విన్నాను. పెట్టిన డబ్బుకి తగ్గ తేడా నా చెవికి చిక్కలేదు. నువ్వు ఎక్కడ విన్నా ముందు రెండింట్లోనూ గొంతు ఒకే ఎత్తులో వినపడేలా సరిచూసుకో, ఆ తర్వాతే తీర్పు చెప్పు. ఒక్క పూటలో అసలు చెప్పకు. కొత్త ఒక వింత, పాత ఒక రోత. చెవికి ఆరు నెలల సావాసం కూడా అక్కర్లేదు, పది రోజుల్లో ఏ ధ్వనికైనా అలవాటుపడి అదే సహజమనుకుంటుంది.

ధర గురించి. 2017లో జెరోన్ బ్రేబార్ట్ అనే పరిశోధకుడు 283 హెడ్‌ఫోన్స్ కొలతలు తీసుకుని, ఏ స్థాయి ధ్వనిని అవి ఎంత మోతాదులో పలికిస్తున్నాయో వాటి ధరలతో పోల్చి చూశాడు. రెండింటికీ సంబంధం కనపడలేదు. ధరలో వచ్చే మేలు వేరే ఉంది: తల మీద హాయి, ఏళ్ల తరబడి మన్నిక, విడిభాగాలు దొరకడం. నువ్వు రాసిన మూడింట్లో సెన్‌హైజర్ హెచ్‌డి 600 వచ్చింది 1997లో. ఇప్పటికీ అమ్ముతున్నారు. కేబుల్, కుషన్లు, తలపట్టీ కింది మెత్త, అన్నీ ఊడదీసి కొత్తవి వేసుకోవచ్చు. గొంతులకి దాన్ని మించింది ఆ ధరలో నేను వినలేదు, కానీ అడుగు బేస్ దాంట్లో పలచగా ఉంటుంది. బేయర్‌డైనమిక్ డీటీ 990 ప్రోలో బేస్, ట్రెబుల్ రెండూ ఎత్తి ఉంటాయి. మొదటి రోజు మెరుస్తుంది, తాళాల చప్పుడు ఎక్కువున్న పాటలు నాలుగు వరసగా వింటే నా చెవి అలసిపోతుంది. హైఫైమాన్ సుందర ప్లానార్ రకం, బేస్ కింది దాకా సమంగా దిగుతుంది.

ఓమ్‌ల లెక్క కూడా చూసుకో. హెచ్‌డి 600ది 300 ఓమ్స్. డీటీ 990 ప్రోలో నువ్వు చూసింది 250 ఓమ్స్‌ది. వీటికి వోల్టేజీ ఎక్కువ కావాలి. ఫోన్‌కి పెట్టే చిన్న డాంగిల్‌తో మోగుతాయి గానీ, తక్కువ మట్టంలో రికార్డయిన శాస్త్రీయ సంగీతం దగ్గర సౌండ్ చాలక నాబ్ చివరిదాకా వెళ్తుంది. సుందర ఓమ్‌లు తక్కువే, అది చూసి మోసపోకు, అది కరెంటు ఎక్కువ అడుగుతుంది. అంటే ముప్ఫై వేల మీద యాంప్ ఖర్చు కూడా వేసుకోవాలి. నీ లెక్కలో అది లేదు.

అన్నిటికన్నా ముందు చూడాల్సింది నువ్వుండే చోటు. పీజీలో ముగ్గురు ఒకే గదిలో ఉంటున్నారు. ఓపెన్ బ్యాక్ అంటే వెనకవైపు జాలీ. నువ్వు వినేది పక్క మంచానికి వినపడుతుంది, ఫ్యాను చప్పుడు, కింద రోడ్డు మీద హారన్లు నీ చెవిలోకి వస్తాయి. రాత్రి పదకొండుకి నీ సంగీతం కోసం పొద్దున్నే షిఫ్టుకి వెళ్లాల్సిన పిల్లాడి నిద్ర చెడగొట్టడం నాకు ఇష్టంలేదు, నీకూ ఇష్టంలేదని నాకు తెలుసు. ఆ చోటికి క్లోజ్డ్ బ్యాకో, చెవిలో బిగుతుగా కూర్చునే రెండు మూడు వేల రూపాయల ఇయర్‌ఫోన్సో చాలు. వాయిదాల సంగతి ఒక్క మాటే: ఉద్యోగంలో చేరి ఆరు నెలలు కాలేదు, అప్పుచేసి పప్పుకూడు వద్దు.

ఇప్పుడు చెప్పేది మాత్రం రెండుసార్లు చదువు. బయటి చప్పుడు లోపలికి వచ్చేకొద్దీ నువ్వు సౌండ్ పెంచుతావు. పెద్దవాళ్లకి వారానికి 80 డెసిబెల్స్ దగ్గర 40 గంటలు దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు పెట్టింది. ఆపైన మూడు డెసిబెల్స్ పెరిగినప్పుడల్లా ఆ గంటలు సగమవుతాయి. 83 దగ్గర 20, 86 దగ్గర 10, 89 దగ్గర 5. లోపలి చెవిలో ధ్వనిని పట్టే రోమకణాలు పుట్టుకతో పదిహేను వేల వరకు ఉంటాయి. చచ్చినవి మళ్లీ మొలవవు. 23 ఏళ్ల నీ చెవికి వినపడేవాటిలో కొన్ని 62 ఏళ్ల నాకు ఇక వినపడవు. పరీక్ష ధ్వనులు పెట్టుకుని చూసుకున్నాను, పదివేల హెర్ట్జ్ దాటాక నాకు నిశ్శబ్దమే. వయసు తీసుకెళ్లింది కొంత, కుర్రతనంలో బస్సు చప్పుడు మీదుగా వాక్‌మన్ మోగించి నేను పోగొట్టుకున్నది కొంత. నువ్వు హెడ్‌ఫోన్స్ ఎన్ని మార్చినా చెవుల్ని మార్చుకోలేవు నాన్నా.

ఇంకొకటి రాయాలా వద్దా అని ఆలోచించాను. ఖరీదైన జత వచ్చిన కొత్తలో, రెండేళ్లపాటు, బాగా రికార్డయినవే విన్నాను. తెలిసిన పాటలు పెడితే కరకర, గరగర. వాటిని పక్కన పెట్టి, ఎవరు పాడారో, ఏ భాషో తెలియని రికార్డింగులు కూడా కేవలం హెడ్‌ఫోన్స్ గొప్పతనం తెలుస్తుందని విన్నాను. ఆ పక్కన పెట్టినవాటిల్లో మీ అమ్మమ్మ క్యాసెట్ ఒకటి. 1979లో అరువు తెచ్చిన టూ ఇన్ వన్‌లో నేనే రికార్డ్ చేశాను. అమ్మ వంటింటి గడపలో కూర్చుని మంగళహారతి పాడుతోంది. వెనక కుక్కర్ కూతలు. మూడేళ్ల మీ అమ్మ జంతికల కోసం పేచీ పెడుతోంది. రికార్డింగ్ బాలేదని ఆ రెండేళ్లూ నేను దాన్ని ముట్టలేదు. ఆ రెండేళ్లలోనే అమ్మకి జబ్బు చేసి గొంతు పోయింది. అప్పుడు బతికుండగా ఆవిడ పక్కన కూర్చుని ఇద్దరం కలిసి వినాల్సింది. వినలేదు. అది నా తప్పు, దానికి దిద్దుబాటు లేదు.

దసరాకి వచ్చేటప్పుడు నోట్‌బుక్, నీ పాత జత రెండూ తెచ్చుకో. నా హెచ్‌డి 600, యాంప్ ముందుగదిలో నీకోసం పెట్టి ఉంచుతాను. పండగ నాలుగు రోజులూ నీ ఏడు పాటలూ వాటిల్లో విను. నచ్చితే సంక్రాంతి దాకా తీసుకెళ్లి వాడుకో, అప్పుడు కొనాలో వద్దో మాట్లాడుకుందాం.

క్యాసెట్‌ని ఫైలుగా మార్పించాను, దీంతోపాటు పంపుతున్నాను. ఉన్న ఐదువేల వాటిల్లోనే విను. మూడో కూత తర్వాత మీ అమ్మ ఏదో అంటుంది, అమ్మమ్మ పాట ఆపి నవ్వుతుంది. ఆ అన్నదేమిటో నాకు ఎన్నిసార్లు విన్నా అందడం లేదు. నీకేమైనా వినపడుతుందేమో చూసి చెప్పు.

మామయ్య