సీతమ్మవారి పుట్టింటి స్టేషన్లో

ఊరు చూద్దామని రైలు దిగినదాన్ని స్టేషన్లోనే ముప్పావుగంట నిలబెట్టేసింది మధుబని. బీహారులో దర్భంగా దాటాక వస్తుందా ఊరు. మావారి మేనల్లుడికి దర్భంగాలో ఉద్యోగం కాబట్టి అంతదూరం వెళ్ళాం గానీ, లేకపోతే మిథిల అంటే మనకి సీతమ్మవారి పుట్టిల్లనేగా తెలుసు!

గోడల నిండా బొమ్మలే. సీతారాముల కల్యాణం, చేపలు, తాబేళ్ళు, తామరలు... గీతకీ గీతకీ మధ్య వేలు పట్టే జాగా లేదు. సంక్రాంతి ముగ్గు పూర్తిచేశాక "ఇక్కడింకో పువ్వు పడితే బావుండేది" అనుకుంటాం చూడండి, ఇక్కడివాళ్ళెవరూ అనుకుని ఊరుకున్నట్టు లేరు. నోటి నిండా కిళ్ళీతో ఓ పెద్దమనిషి గోడవైపు తిరిగి, ఎదురుగా తల వంచుకున్న పెళ్ళికూతురు కనబడేసరికి, బుగ్గలు పొంగించుకునే అవతలికి నడిచాడు. మావారు ఒకటే నవ్వు.

ఇవన్నీ 2017 అక్టోబరులో వేసినవట. ఏడువేల చదరపు అడుగుల పైమాటే. చుట్టుపక్కల ఊళ్ళ కళాకారులు, అందులో ఎక్కువమంది ఆడవాళ్ళు, పైసా కూలి తీసుకోకుండా వేశారట. "శ్రమదానం అత్తయ్యా!" అన్నాడు మేనల్లుడు, తనే వేసినంత గర్వంగా. మరుసటి ఏడు రైల్వేవారి అందమైన స్టేషన్ల పోటీలో రెండో బహుమతి కూడా వచ్చిందిట. స్టేషనుకి.

ఆ "స్టేషనుకి" దగ్గరే నా మనసు చివుక్కుమంది.

ఈ బొమ్మలు అసలు ఇళ్ళల్లోవి. కొత్తదంపతుల గదిని అక్కడ కోహ్‌బర్ అంటారు. ఆ గది గోడల మీద ఆడవాళ్ళే వేసుకునేవారు. 1966-67లో బీహారులో కరువొస్తే, అఖిల భారత హస్తకళల బోర్డువాళ్ళు కాయితాలిచ్చి వాటిమీద వేయించారు, అమ్ముకోవడానికి. అలా అన్నం కోసం గోడ దిగి కాయితమెక్కింది బొమ్మ. తర్వాత జగదంబాదేవికి 1975లో, సీతాదేవికి 1981లో, గంగాదేవికి 1984లో పద్మశ్రీలు వచ్చాయి. గోడమీద ఉన్నన్నాళ్ళూ ఇంటిపని, నాలుగు డబ్బులు తెచ్చాక కళ! యాభై ఏళ్ళకి మళ్ళీ గోడెక్కేసరికి మళ్ళీ ఊరికే చేసే పనేనా?

"సొంతూరి మీద ప్రేమతో వేశారు. డబ్బిస్తే ఆ ప్రేమ ఉండేదా అత్తయ్యా?"

ఏమాటకామాటే, అదీ కొట్టిపారేసే మాట కాదు. వాకిట్లో ముగ్గుకి ఎవరు లెక్క కడతారు? కానీ నా వాకిలి నాది, నడుం నొప్పెడితే ఆ పూట నాలుగు గీతలు గీసి లోపలికి వచ్చేస్తాను. ఆ గోడకి సున్నం కొట్టినవాడికి కూలి ఇచ్చే ఉంటారుగా. దానిమీద సీతమ్మని దింపిన ఆవిడకి మాత్రం ప్రేమ చాలా?

ఇంత గట్టిగా వాదించి, ఉన్నట్టుండి నోరు మూసుకున్నాను. మా అమ్మాయి పెళ్ళి గుర్తొచ్చింది. మా వీధిలో డిగ్రీ చదివే పిల్ల ఒకర్తి రాత్రంతా కూర్చుని పందిరి నిండా ముగ్గులేసింది. వచ్చినవాళ్ళు పెళ్ళికూతురికంటే ముందు ముగ్గునే చూశారు. మేళగాళ్ళకి, వంటవాళ్ళకి, పూలవాడికి పైసలతో సహా లెక్క చూసి ఇచ్చాం. ఆ పిల్లకేమో "నీ చేతిలో లక్ష్మి ఉందే తల్లీ" అని ఓ జాకెట్టు గుడ్డ పెట్టాను. ఫీజు కట్టలేక ఆ ఏడే చదువు మానేసిందని తర్వాత తెలిసింది. డబ్బిస్తే నొచ్చుకుంటుందేమోననుకున్నానని ఇన్నాళ్ళూ నాకు నేనే సర్దిచెప్పుకుంటూ వచ్చాను. అడిగానా? అడగలేదు.

"ఏమిటలా అయిపోయావ్?" అన్నారు మావారు. ఎండ అన్నాను.

బజారులో ఓ ముసలావిడ దగ్గర చేపల జంట బొమ్మ తీసుకున్నాను. ధర వినగానే అలవాటు కొద్దీ "అమ్మో, అంతే!" అనేశాను. తెలుగులో అన్నాను కాబట్టి సరిపోయింది. ఆవిడ బొమ్మని నెమ్మదిగా చుట్టి, దారం కట్టి నా చేతికిచ్చింది. చెప్పినంతా ఇచ్చేశాను. మావారు నావంక విచిత్రంగా చూశారు.