గీత గీసింది ఎవరు?

మంచుగడ్డ మీద గోటితో గీసినా గీత పడుతుంది. అంత మెత్తని మంచు కొండను ఎలా కోస్తుంది? హిమానీనదాల పాఠం విన్నప్పుడు నాకు వచ్చిన సందేహం ఇది.

మా మాస్టారు ఇలా చెప్పారు. మంచు తన బరువుకే మెల్లగా కిందికి జారుతుంది. బండల పగుళ్లలోకి దిగిన నీరు గడ్డకట్టి రాతిముక్కలను ఊడదీస్తుంది. అవి మంచు అడుగున ఇరుక్కుని, వడ్రంగి ఉప్పుకాగితంలా కింది బండను రాపాడుతూ పోతాయి. ఏరు కోసిన లోయ ఇంగ్లీషు 'వి' అక్షరంలా ఉంటే, మంచు కోసిన లోయ 'యు'లా ఉంటుంది.

ఇదంతా హిమాలయాల సంగతే అనుకున్నాను. కానీ మన ఒడిశాలోని తాల్చేర్‌లో కూడా సుమారు 30 కోట్ల ఏళ్ల కిందట మంచు ఉండేదట. సన్నని మట్టిలో పెద్ద పెద్ద రాళ్లు కలిసి ఉండటం చూసి, ఇది మంచు పని కావచ్చని బ్లాన్‌ఫర్డ్ సోదరులు 1856లోనే చెప్పారు. మహారాష్ట్రలో చంద్రపూర్ ప్రాంతంలోని ఇరై దగ్గర, బండ మీద ఆనాటి గీతలు ఇంకా ఉన్నాయి.

ఆ గీతలకు బాధ్యత ఎవరిది? "నేను మెత్తనిదాన్ని" అంటుంది మంచు. "నన్ను మంచు తోసింది" అంటుంది రాయి.

పోయినేడు మా తరగతిలో ఒక అబ్బాయి చేరాడు. అతని తెలుగులో ఒడియా యాస ఉండేది. 'పలక'ను 'పొలొకొ' అన్నాడని నేను ఒక్కసారే అనుకరించాను. అందరూ నవ్వారు. తర్వాత ఒక్కొక్కరూ అదే చేశారు. కొన్నాళ్లకి మాస్టారు చదవమంటే అతను తల దించుకుని నిలబడిపోయేవాడు.

నాకు చెడు ఉద్దేశం లేదు, అన్నది ఒక్క మాటే అని సర్దిచెప్పుకున్నాను. మిగతావాళ్లూ అదే అన్నారు. తప్పును ముప్పై మందిమి పంచుకుంటే నా వాటా తగ్గుతుందా? అతనికి తగిలింది మాత్రం మొత్తం. పైగా రాయికి ఆగడం చేతకాదు. నాకు చేతనవును. కాబట్టి రాయి చెప్పే సాకు నేను చెప్పకూడదు.

మొన్న అతనితో "తప్పు నాదిరా" అన్నాను. "పర్వాలేదులే" అన్నాడు. కానీ ఇప్పటికీ తరగతిలో పైకి చదవడు. మంచు కరిగినా గీత పోదని అప్పుడు బాగా అర్థమైంది. ఇప్పుడు రోజూ మధ్యాహ్నం అన్నాలు తిన్నాక ఇద్దరం కూర్చుని ఒక పేజీ పైకి చదువుతున్నాం. ముందు నేను చదువుతాను, తర్వాత అతను.