వన్నె తగ్గిన పటము – సత్యవ్రతము

వ్యాపార కుటుంబముల ఇండ్లలో గోడమీదనో, దుకాణమున గల్లాపెట్టె వెనుకనో ఒక పాత ఫొటో పటము తరచుగా కనబడును. తలపాగా చుట్టిన తాతగారు కుర్చీలో కూర్చుండగా, ప్రక్కన అవ్వగారు నిలుచుండి ఉందురు. ఏండ్లు గడచినకొలది ఆ పటము పసుపుబారును. అంచులు పురుగు కొరుకును. నేడు మనుమలు దానిని కంప్యూటరులో కెక్కించి కొత్తదానివలె చేయించుచున్నారు. ఇది పెద్దలయెడ భక్తితో చేయు పనియే. అయినను ఇందొక ధర్మసందేహము గలదు. బాగుచేయుట ఎక్కడ ముగియును? కల్పించుట ఎక్కడ మొదలగును?

నలుపు తెలుపు పటములోని ఆకృతి సన్నని వెండి రేణువులతో ఏర్పడును. గాలిలోని గంధక వాయువులును, సరిగా కడుగక మిగిలిన హైపో మందును ఆ వెండిని క్రమముగా పసుపు, గోధుమ వన్నెలకు తిప్పును. రంగు పటములలో ఉండునవి అద్దకపు రంగులు. అవి అన్నియు ఒకే వేగముతో వెలియవు. కనుకనే 1970 ప్రాంతపు పెండ్లి పటములు అనేకము ఎర్రబారినవి.

స్కానరుతో ఎత్తి, మిగిలియున్న వెలుగునీడలను స్పష్టపరచుట దుమ్ము తుడుచుట వంటిది. అందు దోషము లేదు. కాని ముఖములో చెరిగిన భాగమును నేటి కృత్రిమ మేధ తాను నేర్చిన అసంఖ్యాకమైన పరుల ముఖముల ననుసరించి ఊహించి పూరించును. అట్లు వచ్చిన కన్ను అవ్వగారిది కాదు. చీరకు రంగు వేయుటయు అట్టిదే. ఎరుపును, పచ్చయు నలుపు తెలుపు పటములో ఒకే బూడిద వన్నెగా పడవచ్చును.

ఒక ఇంట ఇట్లు బాగుచేయించిన పటమును ముసలి మేనత్త చేతికిచ్చిరి. ఆమె చాలసేపు చూచి, “పటము బాగున్నది నాయనా, మా నాన్న ముఖముమీద మచ్చలేవి?” అని అడిగినది. అవి మశూచి మచ్చలు. ఆ వ్యాధి భారతదేశమున 1975తో అంతరించినది. తాతగారు దానిని జయించి బ్రతికినందుకు ఆ మచ్చలే గుర్తు. యంత్రము వానిని కాగితపు మరకలనుకొని తుడిచివేసినది.

తత్త్వార్థసూత్రము ఏడవ అధ్యాయమున సత్యాణువ్రతమునకు చెప్పిన ఐదు అతిచారములలో కూటలేఖక్రియ ఒకటి. అనగా దొంగవ్రాత. వర్తకులకిది కొత్త మాట కాదు. చిట్టాలో సిరా వెలిసిన అంకెను దీపమునకు ఎదురుపట్టి చదువవచ్చును. తోచిన అంకె వేయరాదు. వేయక తప్పనిచో ప్రక్కన “అంచనా” అని వ్రాయవలెను.

పటము పద్దు కాదు గదా, ఇందు మోసపోవువారెవరని కొందరందురు. మోసపుచ్చు తలంపు లేనిచో దోషము అంతటిది కాదు, నిజమే. కాని అజాగ్రత్తయు వ్రతమునకు శత్రువే. తాతను చూచినవారు ఒక్కరును మిగులని నాడు ఆ పటమే సాక్ష్యము. పుట్టబోవు బిడ్డలు ఆ కల్పిత ముఖమునకే నమస్కరింతురు.

ఆరవ నిజాము ఆస్థాన ఛాయాగ్రాహకుడు రాజా దీనదయాళ్ (1844–1905) జైన కుటుంబమున జన్మించినవాడు. ఆయన గాజు పలకలు అనేకము ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రమున భద్రముగా నున్నవి. ప్రతులెన్ని తీసినను మూలముతో సరిచూచుకొన వీలున్నది. ఇంటి పటమునకును అదే మర్యాద తగును. పాతదానిని పారవేయరాదు. మార్పుచేయని నకలు ఒకటి వేరుగా ఉంచవలెను. బాగుచేసినదాని వెనుక ఏ భాగము ఊహించి పూరించినదో వ్రాయవలెను. “ఒక దృష్టిలో ఇట్లు” అని ఒప్పుకొనుటయే స్యాద్వాదము నేర్పిన వినయము.

ద్రవ్యము నిలుచును, పర్యాయములు మారును. పసుపుబారుటయు ఒక పర్యాయమే. అందుకు సిగ్గుపడ నక్కరలేదు. ఆ ఇంటివారు పటమును మరల దిద్దించి మచ్చలను యథాతథముగా ఉంచిరి. వెనుక మేనత్తచేత నాలుగు మాటలు వ్రాయించిరి. పాతదానిని గుడ్డలో చుట్టి పెట్టెలో భద్రపరచిరి.