కొయ్యమీది పాచి

గార్లదిన్నె మండలమున పెనకచెర్ల వద్ద పెన్నానదిపై కట్టిన మధ్య పెన్నార్ జలాశయమునకు తుంగభద్ర ఎగువ కాలువ నుండి నీరు వచ్చును. వేసవిలో నీరు దిగిపోయినపుడు ఇట్టి జలాశయముల అంచుల వెంట తుమ్మ మొద్దులు, ఎక్కడినుండియో కొట్టుకొనివచ్చిన కొమ్మలు బురదలో నిలిచియుండును. వాని తడి ప్రక్కను పచ్చని పాచి పట్టును. ఎండ తగిలిన ప్రక్కను అదియే బూడిదవన్నె పొరయై రాలిపోవును. పశువులను తోలుకొనిపోవు వారు దానిని చూచి నిలువరు. అట్టి కొయ్యనే కడిగి గాజుతొట్టిలో నుంచి, పైన దీపము వెలిగించి, చుట్టును నీటిమొక్కలు నాటినచో అది ఇంటికి అలంకారమగును. పట్టణములకే పరిమితమైన ఈ వేడుక నేడు పల్లెలకును వచ్చినది.

ఆ తొట్టిలో ఒక చిన్న ధర్మసంకటము దాగియున్నది. గృహస్థుడు నాచును కొని తెచ్చి, సన్నని దారముతో కొయ్యకు కట్టును. కొన్ని వారములకు అది వెంట్రుకల వంటి పోగులతో కొయ్యను పట్టుకొనును. ఇంతలో పిలువని చుట్టమువలె పాచియు అదే కొయ్యపై ప్రాకును. మొదటిదానిని అతడు మురిపెముతో చూచుకొనును, రెండవదానిని కుంచెతో రుద్ది తీసివేయును. రెండును పచ్చనివే. రెండును చచ్చిన కొయ్యను ఆశ్రయించి, అదే నీటిని, అదే వెలుగును అనుభవించుచున్నవే. అయినను ఒకదానికి సౌందర్యమని, మరియొకదానికి మాలిన్యమని పేరు వచ్చినది. ఈ భేదము ఆ పచ్చదనమునందున్నదా, చూచువాని మనస్సునందున్నదా?

తెలుగువాడుకలో పాచి, నాచు అను మాటలు ఒకదానికొకటి మారుచునే యుండును. శాస్త్రము మాత్రము వానిని వేరుచేసినది. పాచికి వేరు, కాండము, ఆకు అను విభాగము లేదు. పాఠ్యగ్రంథములు దానిని శైవలమనును. (ఆ పదమున శైవము వినిపించినంతమాత్రమున లేని చుట్టరికము కల్పించనక్కరలేదు.) నాచునకు చిన్న కాండము, చిన్న ఆకులు కలవు; నిజమైన వేళ్లు లేవు. దానిని కొయ్యకు పట్టియుంచు పోగులు ఆహారము తెచ్చుటకంటె నిలుపుటకే ఎక్కువగా పనికివచ్చును. నీటిని, లవణములను అది ఆకుల ద్వారమునే పీల్చుకొనును.

ఇట్లు వేరైనను ఇవి దాయాదులు. నేలమీది మొక్కలన్నియు సుమారు 47 కోట్ల సంవత్సరములకు పూర్వము మంచినీటి ఆకుపచ్చ శైవలముల వంశమునుండి వచ్చినవని శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. మద్రాసులో శైవలశాస్త్రమునకు పునాదివేసిన ఎం. ఓ. పి. అయ్యంగారు (1886–1963), తడినేలపై బ్రతుకు ఒక శైవలమును 1932లో వర్ణించి, దానికి ఫ్రిట్షియెల్లా అని పేరిడెను. కొంత భాగము మట్టిలోనికి, కొంత భాగము గాలిలోనికి పెరుగు ఆ జీవిని చూచి, నీటినుండి నేలకు ప్రాణము ఎట్లు నడచివచ్చినదో ఊహించుటకు ఆనాటి పండితులకు ఒక ఆధారము దొరికినది. అది నేలమొక్కలకు సాక్షాత్తు పూర్వీకుడు కాదని నేటి పరిశోధన తేల్చినది. అయినను తడియారిపోవు మట్టిలో ప్రాణము నిలుపుకొనుట ఎట్టిదో చూపుటకు అది చాలును. కరువు సీమవారికి ఆ విద్య క్రొత్తది కాదు.

తొట్టిలో పాచి ఏల హెచ్చుగా పెరుగును? దీపము ఎక్కువసేపు వెలుగుటచేత, చేపలకు మేత మితిమీరి వేయుటచేత. తినగా మిగిలిన మేత, చేపల మలము కుళ్లి అమ్మోనియా అగును. కంటికి కనబడని సూక్ష్మజీవులు దానిని నైట్రైటుగా, పిదప నైట్రేటుగా మార్చును. ఆ సూక్ష్మజీవులలో అనేకము కొయ్యపైనను, ఇసుకపైనను కాపురముండును. నైట్రేటు, ఫాస్ఫేటు నిండిన నీటిపై పది పన్నెండు గంటలు వెలుగు పడినచో పాచి పెరుగకుండుటెట్లు? దీపమును దినమునకు ఆరు లేక ఎనిమిది గంటలకు తగ్గించి, మేతను కుదించినచో చాలవరకు అదియే అణగును. అట్లు చేయక, ప్రతి ఆదివారము కుంచె పుచ్చుకొని కొయ్యను తోముట యనగా, తన అతికి సాక్ష్యము చెప్పిన దానిని దండించుటయే. గృహస్థులలో పెక్కుమంది చేయునది ఇదియే. పిల్లవాడు చెడు మాట పలికినపుడు వానిని కొట్టి, ఆ మాట ఇంటిలో ఎవరివద్ద నేర్చినాడో విచారింపని తండ్రికిని ఇతనికిని భేదము స్వల్పము.

ఇచట ఒక ఆక్షేపణ రాక మానదు. గార్లదిన్నె పొలములలో వేరుశనగ వేసిన రైతు కలుపు తీయును. అతనిని నిర్దయుడని ఎవ్వరును అనరు. పాచి తీసినవానిని మాత్రము నిలదీయుట న్యాయమా? ఈ ప్రశ్న తేలికగా త్రోసివేయదగినది కాదు. విడిచిపెట్టినచో పాచి నాచును కప్పి, దానికి వెలుగు దక్కనీయక చంపును. సకల ప్రాణులయందును దయ చూపవలెనని బోధించిన బసవేశ్వరుని మాటను శిరసావహించువాడు ఇచట ఎవరిపై దయ చూపవలెను? రెంటిపై చూపెదనని ఊరకున్నచో బలమైన దానికే గెలుపు. కనుక చేయి పెట్టక తప్పదు. అయితే రైతు కలుపు తీయుట కడుపు కొరకు. తొట్టిలో పాచి తీయుట కంటి కొరకు. కంటి కొరకు చేయు పనిలో చేయి మరింత మెత్తగా ఉండవలెను. రాగి కలిసిన మందు పోసినచో పాచి ఒక్కసారిగా నశించుననుట నిజమే. కాని ఆ కొయ్యనే మేతచోటుగా చేసికొన్న నత్తలు, చిన్న రొయ్యలు కూడ నశించును. చేతితో తీసినవాడు తీసినదెంతయో చూచును. మందు పోసినవాడు చూడడు.

అసలు చిక్కు పాచియందుకంటె నీటియందున్నది. అనంతపురము జిల్లాలో సంవత్సరమునకు సగటున కురియు వాన సుమారు 550 మిల్లీమీటర్లు. అదియు ఏటేట నమ్మదగినది కాదు. నూరు లీటర్ల తొట్టికి వారమునకు 25 లేక 30 లీటర్ల నీరు మార్చుట వాడుక. అనగా రెండు బిందెలు. బోరు ఎండిన వీథిలో ట్యాంకరు కొరకు బిందెలు వరుసపెట్టి కూర్చున్న స్త్రీలకు ఆ రెండు బిందెలు వినోదముగ తోచునా? తొట్టి పెట్టుట పాపమనుట అతివాదము. కంటికి పచ్చదనము కరవైన చోటనే ఒక గాజుపలక వెనుక నాలుగు ఆకులను నిలుపుకొనవలెనను కోరిక పుట్టుట సహజము. దానిని పరిహసించుట తగదు. అయినను ఆ నీరు కాలువలోనికి పోరాదు. నైట్రేటు నిండిన పాతనీరు చేపకు చేటైనను చెట్టునకు ఎరువు. పెరటి కరివేపకో, వాకిటి కానుగకో పోసినచో ఆ రెండు బిందెలకు రెండవ కాయకము దొరకును.

మరల నాచు సంగతి. పాతబావుల ఒరలపైనను, కోనేటి మెట్లపైనను పెరుగునది తొట్టిలోని జాతి కాదు. చైత్రము నాటికి అది నల్లని పొరుసువలె ఎండి, చేయి పెట్టినచో పొడియగును. చచ్చినదని చీపురుతో ఊడ్చువారు కలరు. రాళ్లపై పెరుగు నాచులలో అనేక జాతులు అట్లు ఎండియు చావవు. తొలకరి తడి తగిలిన కొద్దిసేపటికే ఆకులు విప్పి పచ్చబడును. మెట్లు దిగువాడు అప్పుడు కాలు జారి దానిని తిట్టును.