మూగజీవాల సేవ: తలుపు మూసినవారి బాధ్యత

మన పట్టణాల్లో ఒక మంచి పని అక్కడక్కడా కనిపిస్తోంది. నలుగురైదుగురు యువకులు, ఒకరిద్దరు గృహిణులు, ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు కలసి దిక్కులేని జంతువులకు ఆశ్రయం కల్పిస్తుంటారు. ఊరి చివర ఎవరో వాడుకోమని ఇచ్చిన ఖాళీ స్థలంలో ఒక రేకుల షెడ్డు ఉంటుంది. అందులో బండి తగిలి కాలు విరిగిన కుక్క, మురుగు కాల్వలో దొరికిన పిల్లికూనలు, పతంగి మాంజాకు రెక్క తెగిన పావురం ఉంటాయి. ఇక్కడ జీతం తీసుకునేవారు ఎవరూ ఉండరు. ఉద్యోగం, వ్యాపారం, చదువు పోగా మిగిలిన వేళల్లో వంతులు వేసుకుని వస్తారు. అన్నం వండి పెడతారు, పుండ్లు కడుగుతారు, పశువైద్యుని దగ్గరకు మోసుకెళ్తారు.

ఇలాంటి సేవ చేసే ముస్లిం సోదరులు ఉలమాలను సాధారణంగా మూడు ప్రశ్నలు అడుగుతుంటారు. కుక్కను ముట్టుకోవచ్చా? ఈ పనికి జకాత్ సొమ్ము వాడవచ్చా? మనుషులు ఆకలితో ఉంటే జంతువులకు ఖర్చు పెట్టడం సబబేనా? ఈ మూడింటికీ జవాబులున్నాయి, చెప్పుకుందాం. అయితే వారి మనసును అన్నిటికన్నా ఎక్కువగా కలచివేసే ప్రశ్న మరొకటి ఉంది. షెడ్డు నిండిపోయింది. ఉన్నవాటికే తిండి చాలడం లేదు. అప్పుడు ఎవరో ఒక కుక్కపిల్లను అట్టపెట్టెలో పెట్టి తెస్తారు. తీసుకోకపోతే అది రోడ్డు మీద చచ్చిపోతుంది. కాదంటే పాపమా? కారుణ్యం గలవాడు కాదనగలడా?

ఈ ప్రశ్నకు జవాబు వెతకాలంటే మనందరికీ చిన్ననాటి నుంచి తెలిసిన రెండు హదీసులను పక్కపక్కన పెట్టి చూడాలి.

మొదటిది దప్పికగొన్న కుక్క గురించి. దారిన పోతున్న ఒక మనిషి దాహంతో బావిలోకి దిగి నీళ్ళు తాగాడు. పైకి వచ్చి చూస్తే ఒక కుక్క దాహం తట్టుకోలేక తడి మట్టిని నాకుతోంది. అతడు మళ్ళీ బావిలోకి దిగి, తోలు మేజోడులో నీళ్ళు నింపి, దాన్ని నోట కరచుకుని పైకెక్కి కుక్కకు తాగించాడు. అల్లాహ్ అతని పనిని మెచ్చి అతణ్ణి క్షమించాడని దైవప్రవక్త (స) తెలియజేశారు. జంతువుల విషయంలో కూడా మాకు పుణ్యం లభిస్తుందా అని సహచరులు అడిగితే, ప్రాణమున్న ప్రతి జీవి విషయంలోనూ పుణ్యం ఉందని ఆయన సమాధానమిచ్చారు.

రెండవది ఒక పిల్లి గురించి. ఒక స్త్రీ పిల్లిని బంధించింది. తాను తిండి పెట్టలేదు, నేల మీది పురుగూ పుట్రా ఏరుకుని తినేందుకు దాన్ని వదిలిపెట్టనూ లేదు. అది చనిపోయింది. ఆమె నరకానికి గురయింది.

మన ప్రసంగాల్లో ఈ రెంటినీ సాధారణంగా ఒకే పాఠం కోసం చెబుతారు: జంతువుల పట్ల దయ చూపండి, క్రూరత్వం వద్దు అని. ఆ పాఠం నిజమే. కానీ కాస్త నిదానంగా చూస్తే మరో విషయం తెలుస్తుంది. కుక్కకు నీళ్ళు తాగించిన మనిషి దాన్ని ఇంటికి తీసుకెళ్ళినట్లు హదీసులో లేదు. ఆ దారిలో ఇంకెన్ని కుక్కలు దాహంతో ఉన్నాయో వెతికాడని కూడా లేదు. తన ముందున్న జీవికి, తన చేతిలో ఉన్న సాధనంతో, ఆ క్షణాన చేయగలిగింది చేశాడు. అంతటితోనే అతని పని సంపూర్ణమయింది. ఇక ఆ స్త్రీని ఊళ్ళోని పిల్లులన్నిటికీ తిండి పెట్టనందుకు నిలదీయలేదు. తాను బంధించిన ఒక్క పిల్లి గురించే నిలదీయడం జరిగింది. ఆమె తప్పించుకునే దారులు రెండూ హదీసులోనే ఉన్నాయి. తిండి అయినా పెట్టాల్సింది, లేదా వదిలేయాల్సింది.

అంటే, బయట ఉన్న జీవికి మనం చేసే సాయం ఎక్కువగా ఉపకారం. మనం తలుపు మూసి లోపల పెట్టుకున్న జీవికి చేసేది బాధ్యత. తలుపు మూసిన క్షణం నుంచి దాని ఆకలి, దాని దాహం, దాని రోగం మన లెక్కలోకి వస్తాయి. ఎందుకంటే తన తిండి తాను వెతుక్కునే అవకాశాన్ని దాని నుంచి తీసుకున్నది మనమే.

ధర్మవేత్తలు ఈ విషయాన్ని వివరంగా చర్చించారు. హిజ్రీ 660 (క్రీ.శ. 1262)లో మరణించిన ఇమామ్ ఇజ్జుద్దీన్ ఇబ్ను అబ్దుస్సలామ్ (రహ్మ) మనిషిపై జంతువులకున్న హక్కులను వరుసగా పేర్కొన్నారు. జంతువు ముసలిదై, రోగిష్టిదై, దాని వల్ల ఏ ప్రయోజనమూ లేకపోయినా దాని పోషణ ఖర్చు యజమాని భరించాలి. శక్తికి మించిన బరువు మోపకూడదు. దానికి హాని చేసే మరో జంతువుతో కలిపి ఉంచకూడదు. ఈ చివరి మాటను షెడ్డు నడిపేవారు ప్రత్యేకంగా గమనించాలి.

ఎందుకంటే చాలా షెడ్లలో జరిగే నష్టం సరిగ్గా ఇదే. ఇరవై కుక్కలకు సరిపోయే చోట నలభై చేరితే బలహీనమైనవాటికి తిండి అందదు, కొట్లాటలు పెరుగుతాయి. కొత్తగా వచ్చిన కుక్కపిల్లను కనీసం రెండు వారాలు విడిగా ఉంచాలని పశువైద్యులు చెబుతారు. విడిగా ఉంచే గది లేక అన్నిటితో కలిపితే, అది పార్వో వ్యాధిని వెంట తెచ్చి ఉంటే, టీకా వేయని పిల్లలన్నీ రక్తవిరేచనాలతో రోజుల వ్యవధిలో రాలిపోతాయి. ఆ వైరస్ నేలలో నెలల తరబడి బతికి ఉంటుంది. ఒక పిల్లను కాపాడాలన్న ఆరాటంలో పది పిల్లలు చనిపోతాయి. ఆ పదీ ఎవరి అమానతు? ఇంతకుముందే ఈ షెడ్డు తలుపులు మూసి తన బాధ్యతగా స్వీకరించిన జీవులు కావా?

సంకల్పం మంచిది కదా అని కొందరు అంటారు. కర్మలు సంకల్పాలను బట్టే ఉంటాయి, నిజమే. కానీ మంచి సంకల్పం పిల్లి ఆకలి తీర్చదు. తమపై ఆధారపడినవారిని పస్తులుంచడమే మనిషిని పాపిని చేయడానికి చాలునని దైవప్రవక్త (స) హెచ్చరించారు. బంధించినవాడు జాలితో బంధించినా, నిర్లక్ష్యంతో బంధించినా, లోపల ఉన్న జీవికి ఆకలి ఒకటే. అందువల్ల మా అవగాహన ప్రకారం, షెడ్డు సామర్థ్యం నిండిన తర్వాత లోపలికి తీసుకోనని చెప్పడం పాపం కాదు. ఉన్నవాటి హక్కు కాపాడటానికి అలా చెప్పడం విధి కూడా కావచ్చు. శక్తికి మించిన భారం అల్లాహ్ ఎవరిపైనా మోపడు. మనంతట మనమే మోసుకుని, ఆ బరువును మూగజీవాల మీదకు దించకూడదు.

మరి గుమ్మం ముందున్న కుక్కపిల్ల సంగతేమిటి? 'లోపల చోటు లేదు' అనడానికి, 'నాకు సంబంధం లేదు' అనడానికి చాలా తేడా ఉంది. బావి దగ్గరి మనిషిని మళ్ళీ గుర్తు చేసుకోండి. గాయానికి మందు రాయవచ్చు, టీకా వేయించవచ్చు, తెచ్చినవారినే కొన్నాళ్ళు చూసుకోమని ఒప్పించి తిండి ఖర్చులో పాలు పంచుకోవచ్చు, పెంచుకునేవారిని వెతికి పెట్టవచ్చు. ఆరోగ్యంగా ఉన్న వీధికుక్కను షెడ్డులో పెట్టడం కన్నా సంతాన నిరోధక ఆపరేషన్, రేబిస్ టీకా చేయించి పట్టిన చోటే వదలడం మేలు. మన దేశంలో 2001లో వచ్చిన నిబంధనలు, వాటి స్థానంలో 2023లో వచ్చిన నిబంధనలు ఈ పద్ధతినే చెప్పాయి. బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల ఆవరణల్లో పట్టిన కుక్కలను మాత్రం తిరిగి అక్కడే వదలవద్దని 2025 నవంబరులో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఇక ఆపరేషన్ విషయానికొస్తే, ప్రయోజనం ఉన్నప్పుడు జంతువుల బీజాలు తీయించడం హనఫీ ఫిఖహ్‌లో అనుమతించబడినదే.

చరిత్రలో ఒక ఉదాహరణ ఉంది. ఈజిప్టును 1260 నుంచి 1277 వరకు పాలించిన సుల్తాన్ జాహిర్ బైబర్స్ కైరోలో ఒక తోటను పిల్లుల పోషణకు వఖ్ఫ్ చేశాడు. ఎడ్వర్డ్ లేన్ అనే ఆంగ్ల రచయిత 1836లో ప్రచురించిన తన గ్రంథంలో దాని తర్వాతి కథ రాశాడు. ఆ తోట పలుమార్లు చేతులు మారింది. వఖ్ఫ్‌కు దక్కే ఆదాయం నామమాత్రంగా మిగిలింది. అయినా పిల్లులకు తిండి పెట్టే బాధ్యత వఖ్ఫ్‌ల సంరక్షకుడైన ఖాజీ మీద ఉండిపోయింది. రోజూ సాయంత్రం న్యాయస్థానం ముంగిట పిల్లులకు మాంసపు తునకలు వేసేవారు. అయితే ఆ పని సరిగా జరగడం లేదని కూడా లేన్ రాశాడు. దానికి తోడు, ఇంట్లో పిల్లి వద్దనుకున్నవారు దాన్ని తెచ్చి ఖాజీ ముంగిట్లో వదిలి వెళ్ళేవారట!

ఈనాటి షెడ్డు కష్టాలన్నీ ఇందులో లేవూ? ఆదాయం తరిగిపోతుంది, జీవులు పెరుగుతాయి, ఊరి జనం తమ బాధ్యతను ఒకరి గుమ్మంలో దించి చేతులు దులుపుకుంటారు. పెంచుకుంటామని తెచ్చుకుని, ముచ్చట తీరాక రాత్రిపూట షెడ్డు గేటు దగ్గర కట్టేసి పోయేవారే ఆ స్త్రీ కథను ముందుగా తమకు అన్వయించుకోవాలి. పెంపుడు జంతువును ఆకలిదప్పులకు వదిలేయడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం కూడా నేరమే.

ఇప్పుడు మిగిలిన ప్రశ్నలు చూద్దాం. మనుషులుండగా జంతువులకా అన్న ప్రశ్నకు సిరియాలోని అలెప్పో నగరంలో ఒక సామాన్యుడు చేతలతో జవాబిచ్చాడు. ముహమ్మద్ అలా అల్‌జలీల్ వృత్తిరీత్యా ఎలక్ట్రీషియన్. యుద్ధకాలంలో అంబులెన్సు నడుపుతూ శిథిలాల్లోంచి మనుషులను కాపాడాడు. అదే సమయంలో, వలస పోయినవారు వదిలిన పిల్లులకు తిండి పెట్టాడు, ఆశ్రయం కట్టాడు. ఊరు విడిచి వెళుతున్న ఒక బాలిక తన పిల్లిని ఆయనకు అప్పగిస్తే, దాని ఫొటోలు తీసి టర్కీలో ఉన్న ఆమెకు పంపుతూ వచ్చాడు. అమానతు అంటే ఇదే. 2016 చివర ఆ ఆశ్రయం బాంబులకు గురైంది. 2017లో అలెప్పోకు పడమటి గ్రామీణ ప్రాంతంలో ఆయన మళ్ళీ మొదలుపెట్టాడు. పిల్లలకు ఆట స్థలం కూడా ఏర్పాటు చేశాడు. జీవులపై దయగల హృదయానికి మనుషులు అడ్డురారు.

కుక్కను ముట్టుకోవడం విషయానికొస్తే, హనఫీ మస్లక్‌లో దాని లాలాజలం అపవిత్రం. అది తగిలిన బట్టను, శరీరాన్ని, గిన్నెను కడుక్కోవాలి. పొడిగా ఉన్న ఒంటిని తాకినంత మాత్రాన వుజూ పోదు. నమాజుకు వేరే దుస్తులు ఉంచుకుంటే చాలు. కుక్కల ఆశ్రయం ఇంటికి వెలుపలే ఉండాలి. షెడ్డులో పనిచేసే ప్రతి ఒక్కరూ ముందుగానే రేబిస్ టీకాలు వేయించుకోవాలి. కరిస్తే పదిహేను నిమిషాల పాటు సబ్బుతో, ధారగా పడే నీటితో కడిగి వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. లక్షణాలు మొదలయ్యాక ఈ వ్యాధి నుంచి బతికి బయటపడటం దాదాపు అసాధ్యం. ఎవరికీ హాని కలగరాదన్న ధర్మసూత్రం సేవకునికీ వర్తిస్తుంది.

జకాత్‌కు హక్కుదారులైన ఎనిమిది వర్గాలను దివ్యఖుర్ఆన్ నిర్ణయించింది. ఆ సొమ్ము అర్హుడైన వ్యక్తికి సొంతం కావాలన్నది హనఫీల నియమం. జంతువుకు యాజమాన్యం ఉండదు. కాబట్టి షెడ్డుకు జకాత్ చెల్లదు. మామూలు సదఖా, వఖ్ఫ్ భేషుగ్గా చెల్లుతాయి. ఒక కుక్క ఆపరేషన్ కోసమని చెప్పి వసూలు చేసిన సొమ్ము దానికే వాడాలి. అది చనిపోతే, మిగిలినది మరోదానికి వాడేముందు దాతల అనుమతి అడగాలి. అందుకే విరాళం అడిగేటప్పుడే ఆ మాట చెప్పి అడగడం మంచిది. లెక్క రాసి అందరికీ చూపాలి.

చివరిగా సేవకుని గురించి ఒక మాట. భార్యాపిల్లల హక్కునూ, తన దేహం హక్కునూ మరచి రాత్రింబవళ్ళు ఆరాధనలో మునిగిన హజ్రత్ అబూ దర్దా (రజి)ను హజ్రత్ సల్మాన్ ఫార్సీ (రజి) వారించారు. ఆ మాట నిజమని దైవప్రవక్త (స) సమర్థించారు. ఆరాధన విషయంలోనే అలా ఉంటే, సేవ విషయంలో చెప్పేదేముంది? ఆరు నెలలు పరుగెత్తి కూలబడేవాడి షెడ్డులోని జీవులు ఏడో నెలలో పస్తులుంటాయి. కొద్దిగానైనా నిలకడగా చేసే పనే అల్లాహ్‌కు ఎక్కువ ప్రీతికరం. షెడ్డులో ఎన్నిటికి చోటుందో ఆ నలుగురైదుగురు ఈరోజే కూర్చుని లెక్క తేల్చుకుని గోడ మీద రాసుకోవాలి. దాని కింద, ఒక్కొక్కరు వారానికి ఎన్ని గంటలు ఇవ్వగలరో రాసుకోవాలి.

ఊళ్ళోని మిగతావారం మనం చేయగలిగినవీ ఉన్నాయి. ఇంటి ముందు ఒక మట్టి తొట్టిలో నీళ్ళు, నెలకు ఒక బియ్యం మూట, వారంలో ఒక పూట శ్రమదానం. షెడ్డువాళ్ళు కాదన్న కుక్కపిల్లకు మన వాకిట్లో చోటుందేమో చూద్దాం. చోటుంటేనే, చివరిదాకా చూసుకోగలిగితేనే తలుపు తీద్దాం. మన సంరక్షణలో ఉన్న ప్రతి ప్రాణి హక్కునూ నెరవేర్చే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.