పడినవారికి పని

తప్పినవానిని క్షమింపవలెనా యని యడిగినచో అందరును సులభముగనే యవునందురు. క్షమించిన పిమ్మట వానికి మరల నే పని యొప్పగింతురని యడిగినచో మన యౌదార్యము వెనుదీయును. క్రైస్తవసంఘ మొకప్పు డీ చిక్కుచేత రెండుగా చీలినది. ఆ కథ మనవారిలో పలువురకు తెలియనిది గావున కొంచెము విస్తరించి చెప్పుదుము.

క్రీ.శ. 250వ సంవత్సరమున, రోమక చక్రవర్తి డీషియసు శాసనము ననుసరించి, సామ్రాజ్యవాసులు దేవతలకు బలి యర్పించి, అర్పించినట్లు అధికారులచే పత్రము పొందవలసివచ్చెను. ఐగుప్తుదేశపు టిసుకలో నట్టి పత్రములు నలువదికి పైగా దొరకినవి. ఒకదానిలో 72 ఏండ్ల వృద్ధుని కుడి కనుబొమమీది మచ్చ సయితము గుర్తుగా వ్రాయబడియున్నది. ప్రభుత్వము ప్రజల నెంత దగ్గరగా నిలిచి చూచినదో ఆ మచ్చయే చెప్పుచున్నది.

క్రైస్తవులలో కొందరు చెరసాలల మ్రగ్గిరి, కొందరు మరణించిరి. కార్తేజి నగరమున ననేకులు తమంతట తామే పోయి బలి యర్పించిరి. మరికొందరు బలి యర్పింపక, లంచమిచ్చి పత్రము మాత్రము కొనుక్కొనిరి. కచేరీల తీరు కొంత యెరిగినవారమగుటచే ఈ తుదివారి యుపాయము మాకు మిక్కిలి పరిచితముగ తోచినది.

251లో ఉపద్రవము శమించెను. పడినవారు తమ్ము మరల లోనికి రానిండని సంఘమును వేడుకొనిరి. రోములోని నోవేషియను వలదనెను. దేవుడు వారిని క్షమించిన క్షమించుగాక, సంఘమున కా యధికారము లేదని యతని వాదము. ఇతనిని కఠినుడని త్రోసివేయుట న్యాయము కాదు. భర్త చెరలో చావగా మిగిలిన యిల్లాలి సరసను పత్రము కొన్నవాడు వచ్చి కూర్చుండినచో ఆమె మనస్సేమగును? ఒకరి గాయముమీద మరియొకరు దయాళువులగుట తగునా? ఈ ప్రశ్నకు మాకును నేటివరకు తృప్తికరమగు సమాధానము దొరకలేదు.

కార్తేజికి బిషప్పు సిప్రియను. ఇతడు హింసాకాలమున అజ్ఞాతవాసము చేసి, లేఖలతో సంఘమును నడపెను. పారిపోయెనని కొందరు దెప్పిరి. 251లో కార్తేజియందు కూడిన సభ, పత్రము కొన్నవారిని ఒక్కొక్కరినే విచారించి చేర్చుకొనవచ్చుననియు, బలి యర్పించినవారు ప్రాయశ్చిత్తము చేయుచు అవసానదశవరకు వేచియుండవలెననియు నిర్ణయించెను. అయినను అల్పకాలముననే హింస మరల రానున్నదను భయము కలుగగా, బిషప్పులు పశ్చాత్తప్తుల నెల్లర నప్పుడే చేర్చుకొనుటకు సమ్మతించిరి. వారు చూపిన హేతువు మాకు మిక్కిలి నచ్చినది. రేపు క్రీస్తుకొరకు రక్తము చిందింపవలసినవానికి నేడు ప్రభుభోజనపు పాత్ర నిరాకరించుట యెట్లు? మరల పరీక్షకు నిలువవలసినవానికే కదా బలము కావలసినది! నాడు దాగిన సిప్రియను సయితము 258లో మరణమునకు వెనుదీయలేదు. ఆ సంవత్సరము సెప్టెంబరు 14వ తేదీన అతని శిరస్సు ఖండింపబడెను.

ఈ యూహకు మూలము సువార్తలోనే కలదు. ప్రధానయాజకుని ముంగిట బొగ్గులనిప్పు కాచుకొనుచు పేతురు తన గురువు నెరుగనని మూడుమారులు బొంకెను. యోహాను సువార్త చివర, యేసు మృతులలోనుండి లేచిన పిమ్మట, సముద్రతీరమున మరల బొగ్గులనిప్పు కనబడును. బొగ్గులనిప్పున కచ్చట వాడిన గ్రీకుపదము క్రొత్తనిబంధన యంతటను ఈ రెండు తావులనే యున్నది. ఆ నిప్పుయొద్ద గురువు బొంకు మాట యెత్తలేదు. తనయందు ప్రేమ కలదా యని మూడుమారు లడిగి, ప్రతిమారును తన మందను మేపు పని యతని కొప్పగించెను. మూడవమారు పేతురు నొచ్చుకొనెను. ఆ నొప్పి యతనికి తప్పలేదు. ఆ పనియు తప్పలేదు.

కొన్ని యేండ్ల క్రిందట మా పాఠశాల పుస్తకభాండాగారము నొక విద్యార్థి చూచుచుండెను. పుస్తకములు ఆలస్యముగ తెచ్చినవారు కట్టిన సొమ్ము వాడుకొని, పట్టుబడి, మా యెదుట నేడ్చెను. క్షమించితిమని తరగతిలో నందరు వినునట్లు చెప్పితిమి. మా దయకు మేమే మురిసితిమి. వాడా సంవత్సరము రెండుమారులు మాయొద్దకు వచ్చి, “పుస్తకాలగది ఎవరు తెరుస్తున్నారండీ?” యని యడిగెను. చూతములెమ్మంటిమి. సెలవులిచ్చువరకు తాళపుచెవి మా బల్లసొరుగులోనే యుండెను.