కుంచం ఎవరి చేతిలో ఉంది?

మన తాతల కాలం సంత కథలు మనమంతా విన్నవే. కొండ దిగి కందులు తెస్తే షావుకారు కుంచం మీద రాశి పోయించుకుని కొలిచేవాడు. బదులుగా ఉప్పు ఇచ్చేటప్పుడు అదే కుంచాన్ని అంచుకు సమంగా గీసి కొలిచేవాడు. రెండుసార్లూ కుంచం ఒకటే. పైన పోసిన రాశి మాత్రం లెక్కలోకి రాలేదు. ఇలాంటి దోపిడీ నుంచి కాపాడటానికే 1956లో గిరిజన సహకార సంస్థ పుట్టింది.

ఇప్పుడు మన గూడేలకు ఇంకో కుంచం వచ్చింది. దాని పేరు ఉత్పాదకత. పెట్టిన ఖర్చుకు, పెట్టిన మనుషులకు ఎంత పని జరిగింది అని అడిగే లెక్క అది. ఇటుక బట్టీలో ఈ లెక్క సులువు. బడిలో, ఆస్పత్రిలో కష్టం. బ్రిటన్‌లో 1998 దాకా ప్రభుత్వ సేవల్లో పెట్టిన ఖర్చునే జరిగిన పనిగా రాసుకునేవారు. అలా రాస్తే ఉత్పాదకత పెరిగినా తగ్గినా తెలియదు. పనిని విడిగా లెక్కించాలనీ, దాని నాణ్యతను కూడా చూడాలనీ ఆర్థికవేత్త టోనీ అట్కిన్సన్ 2005లో ఇచ్చిన నివేదిక చెప్పింది. మంచి మాటే. మన కొండల్లో అయితే దానికి ముందే ఒక ప్రశ్న ఉంది. ఖర్చు వైపు ఎవరి ఖర్చు రాస్తున్నారు?

ఒక గూడెంలో తొమ్మిది మంది పిల్లలకు ఒక బడి, ఒక పంతులు ఉన్నారనుకుందాం. కాగితం మీద ఒక్కో బిడ్డకు అయ్యే ఖర్చు చాలా ఎక్కువ. ఆ బడి మూసి పిల్లలను వాగు అవతలి బడిలో కలిపితే ఖర్చు తగ్గుతుంది, ఉత్పాదకత పెరిగిందని నివేదిక చెబుతుంది. కానీ ఆ పిల్లలు రోజూ నడిచే దారిని ఏ గడిలో రాస్తారు? వాగు పొంగిన రోజుల్లో పోయిన చదువును? చిన్నబిడ్డను దాటించడానికి తల్లి మానుకున్న కూలిని? ఖర్చు తగ్గలేదు. సర్కారు పద్దు నుంచి మన పిల్లల కాళ్ళ మీదికి మారింది.

వైద్యమూ అంతే. ఫోన్ అందినప్పటి నుంచి 108 బండి ఎంతసేపటికి వచ్చిందో లెక్క ఉంటుంది. గూడెం నుంచి రోడ్డు దాకా గర్భిణిని డోలీలో మోసిన భుజాలకు లెక్క ఉండదు. కుంచం మీద రాశి అంటే ఇదే.

ఈ తేడా సర్కారుకు తెలియనిది కాదు. మైదానంలో 5,000 మందికి ఒక ఆరోగ్య ఉపకేంద్రం అయితే, కొండ, గిరిజన ప్రాంతాల్లో 3,000 మందికి ఒకటి అని నియమం పెట్టింది సర్కారే. అయినా మైదానంలో పనిచేసే నర్సునూ, రెండు గంటలు కొండెక్కి పన్నెండు ఇళ్ళు చూసొచ్చిన నర్సునూ ఒకే పట్టికలో పోలిస్తే, కొండెక్కిన ఆమే వెనకబడినట్టు కనిపిస్తుంది. వచ్చే నెల ఆమె ఆ కొండ ఎక్కకపోతే తప్పు ఆమెదొక్కదానిదేనా?

అయితే కొలతే వద్దందామా? మన యువకుల్లో కొందరు అలా అంటారు. మనం ఒప్పుకోకూడదు. వారానికి రెండు రోజులు తెరిచిన బడికి రిజిస్టరులో ఆరు రోజులూ హాజరు పడటం మనం చూడనిది కాదు. కొలత లేకపోతే ముందు నష్టపోయేది మనమే. వాగు దాటి రోజూ వచ్చే పంతులూ, రాని పంతులూ ఒకటైపోతారు. మన తాతలు కూడా కుంచం వద్దనలేదు, సరిగ్గా కొలవమన్నారు.

షెడ్యూల్డ్ ప్రాంతాల్లో సామాజిక రంగాల సంస్థల మీద, సిబ్బంది మీద అదుపు గ్రామసభకూ, తగిన స్థాయి పంచాయతీకీ ఉండాలని 1996 నాటి పెసా చట్టం చెబుతోంది. ఆ హక్కును ఒక నోటు పుస్తకంతో మొదలుపెట్టొచ్చు. బడి నిజంగా తెరిచిన రోజులు, గోండి, కోయ, సవర మాటలతో బడికొచ్చిన బిడ్డ ఏడాదికి ఎంత చదవగలిగిందీ, నర్సమ్మ ఎన్నిసార్లు వచ్చిందీ, రోగిని మనం ఎంత దూరం మోసిందీ అందులో రాద్దాం. ఎలా రాయాలో పంతుళ్ళు నేర్పాలి, చదువుకున్న పిల్లలు రాయాలి, గ్రామసభలో అందరికీ చదివి వినిపించాలి. సమీక్షకు వచ్చిన అధికారి ముందు తన పట్టిక పక్కనే మన పుస్తకమూ పెడదాం. మన గూడెం బడికి ఖర్చు ఎక్కువో కాదో రెండూ చూసి మాట్లాడుకుందాం.